వైద్య పాఠశాల ఉత్తరానికి నా తర్జుమా

పెద్ద యుద్ధానికి రెండేళ్ల ముందు, పుదుచ్చేరి న్యాయస్థానంలో ప్రమాణ దుబాసీగా ఉన్న నన్ను ఒకరోజు వైద్య పాఠశాలకు పంపారు. ప్రమాణ దుబాసీ అంటే కాగితాన్ని ఫ్రెంచిలోకి మార్చి, 'మూలానికి సరి' అని సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పడ్డాక అది సాక్ష్యం. ఊళ్లో మా తెలుగువాళ్ల ఇళ్లలో భాష మాట్లాడటమే గాని చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకే నన్ను పిలిచారు.

పాఠశాల గ్రంథాలయంలోని శరీరశాస్త్ర పుస్తకంలో ఎవరి పేరూ లేని తెలుగు ఉత్తరం ఒకటి దొరికింది. "నిన్న మెట్ల మీద నీ చెయ్యి తగిలింది. అప్పటినుంచి పాఠం తలకెక్కడం లేదు. మళ్లీ తగలాలని ఉంది. ఒంటరిగా ఉన్నాను."

సారాంశం చెప్పగానే డైరెక్టరు నవ్వాడు. మగ విద్యార్థి ఎవడో రాసి ఉంటాడని, వయసు అలాంటిదని, మందలిస్తే చాలని అన్నాడు. మంత్రసాని విభాగంలోని ఆడవాళ్లెవరైనా రాసి ఉంటేనో అని శస్త్రచికిత్స అధ్యాపకుడు అడిగాడు. డైరెక్టరు నవ్వు ఆగిపోయింది. అలాగైతే ఆమెను ఆ రోజే పంపించెయ్యాలన్నాడు. మర్నాటికల్లా తర్జుమా ఇమ్మన్నారు.

ఉత్తరం సంగతి అప్పటికే పాఠశాలంతా పాకింది. సాయంత్రం ముదలియార్‌పేటలో మా ఇంటికి కమలమ్మ వచ్చింది. మా వీధి మనిషే. ఇరవైమూడేళ్లది. మంత్రసాని చదువు ఆఖరి ఏడు.

"అన్నా, అది రాసింది నేనే. మగోడు రాసుంటే నవ్వి ఇడిసిపెడతారు. నేనని తెలిస్తే నా సదువు పోతాది. ఆడదానికి ఆశ ఉండగూడదా? ఇదేం న్యాయం?"

"నాకెందుకు చెప్పినావమ్మా? నేను అబద్ధం రాయలేను."

"అబద్ధం రాయమని అడగలా అన్నా. నేను రాసిందే రాయి."

చిక్కు అక్కడే ఉంది. తెలుగులో 'ఒంటరిగా ఉన్నాను' అంటే ఆడో మగో తెలియదు. ఫ్రెంచిలో ఆ మాటకు ఆడ రూపం వేరు, మగ రూపం వేరు. మగ రూపం రాస్తే దొంగ సంతకం. ఆడ రూపం రాస్తే ఆమె చదువు ముగిసినట్టే. మూడు చిత్తుప్రతులు చింపాను. చివరికి 'నా పక్కన ఎవరూ లేరు' అన్న అర్థం వచ్చేలా రాసి, 'రాసినది స్త్రీయో పురుషుడో మూలం చెప్పదు' అని అంచున చేర్చాను.

అధ్యాపక సభలో డైరెక్టరు ఆ గమనిక రెండుసార్లు చదివాడు. ఇవి ఆడదాని మాటలా, మగవాడివా అని అడిగాడు. కాగితంలో లేదన్నాను. రాసినవారెవరో నీకు తెలుసా అని అడిగి ఉంటే చెప్పక తప్పేది కాదు. ఆయన అడగలేదు. ఎవరో తేలనప్పుడు మందలింపు మగ విద్యార్థులకూ, మంత్రసాని విభాగానికీ ఒకటే ఉండాలని చెప్పి కాగితం మడిచేశాడు. బయటికొచ్చి వరండా బల్ల మీద కూలబడ్డాను. అప్పుడు గాని గుండె కుదుటపడలేదు.

కబురు చెబితే కమలమ్మ, "పోయిన ప్రాణం వచ్చిందన్నా" అని గోడకానుకుని నవ్వింది. ఆ ఏడే పట్టా తీసుకుంది. ఉత్తరం ఎవరికి రాసిందో నేను అడగలేదు.

అప్పటిదాకా తర్జుమా అంటే మాటకు మాట అనుకునేవాణ్ణి. మూలంలో లేనిదాన్ని రెండో భాష మన చేత చెప్పించబోతే కలం ఆపాలని, ఆ సంగతి అంచున రాసిపెట్టాలని అప్పుడు తెలిసింది. పదవిలో ఉన్నన్నాళ్లూ కొత్త దుబాసీలకు మొదట నేర్పింది అదే.