ఎక్స్ఛేంజిలో ఒక్కతే

నా చిన్నప్పుడు మేము పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి అక్కడే ఫోర్‌మన్ అయ్యారు. అందుకని మా ఇంట్లో ఫ్యాక్టరీ ఫోను ఒకటి ఉండేది. దానికి అంకెల చక్రం లేదు. రిసీవరు ఎత్తితే గేటు పక్కనున్న ఎక్స్ఛేంజిలో దీపం వెలుగుతుంది. అక్కడి ఆపరేటరు పలికి, మనం అడిగిన చోటికి కలుపుతుంది. డాక్టరు కావాలన్నా, కాలనీ మొత్తానికి ఉన్న ఒక్క అంబులెన్సు కావాలన్నా అదే దారి. మా పక్కింటి అక్క అక్కడే పనిచేసేది. ఆవిడది ఈ ప్రాంతమే. తండ్రి సర్వీసులో ఉండగా పోతే, ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు.

నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ బజారుకు వెళ్ళింది. నేనూ మా నాయనమ్మా వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. ఆవిడ ఏదో కథ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. తలెత్తి చూస్తే మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. చేతిలోని చేట జారిపోయింది. మనిషి నెమ్మదిగా గోడవారకు ఒరిగిపోయింది.

పరుగున వెళ్ళి ఫోనెత్తాను. ఎవరూ పలకలేదు. పెట్టేసి మళ్ళీ ఎత్తాను. పక్కిళ్ళకు తాళాలు. డిస్పెన్సరీకి పరుగెత్తుదామంటే, నాయనమ్మను ఒక్కదాన్నే వదలడానికి భయం. గోడ గడియారంలో పెద్దముల్లు చాలా దూరం నడిచాక అక్క గొంతు వినిపించింది. నేను ఏడుస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమైందో మాత్రం చెప్పలేదు. ఆవిడ గొంతు పెంచకుండా, "తర్వాత తిట్టు బిడ్డా. ముందుగాల ఎవరికేమైందో చెప్పు" అంది. చెప్పాను.

అంబులెన్సు అప్పటికే ఎవరినో తీసుకుని వెళ్ళిందట. అది తిరిగొచ్చేసరికి ఇంకొంత ఆలస్యమైంది. నాయనమ్మ బతికింది. కుడిచెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు, మాట మళ్ళీ రాలేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్న మాట మా ఇంట్లో చాలాకాలం ఉండిపోయింది.

ఫోను చెడిపోయిందనే అందరూ అనుకున్నారు. అక్క ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది. కానీ మూడో రోజు ఆవిడే మా ఇంటికొచ్చి, నాయనమ్మ మంచం పక్కన కింద కూర్చుని మా అమ్మతో చెప్పింది. "ఫోన్ మంచిగనే ఉండె అమ్మా. నేనే ఎత్తలె. ప్లాంటుల ఇద్దరు కాలిన్రు. ఆళ్ళ కోసం ఫోన్ల డాక్టరుని ఎతుకుతున్న."

నేను అన్నాను, "అబద్ధం. నువ్వు నిద్రపోయుంటావు" అని. మర్నాడు అక్క ఆఫీసరు దగ్గర అనుమతి తీసుకుని నన్ను తనతో ఎక్స్ఛేంజికి తీసుకెళ్ళింది.

అది చిన్న గది. గోడంత బల్ల, దాని మీద వరసలుగా దీపాలు, తీగలు. ముందు మూడు కుర్చీలు. ఒకామె ప్రసవానికి వెళ్ళి ఉద్యోగం మానేసింది, ఇంకొకాయన రిటైరయ్యాడు. వాళ్ళ బదులు ఎవరినీ వెయ్యలేదు. అక్క నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి రెండు దీపాలు ఒకేసారి వెలిగాయి. ఆవిడ చేతిలో అప్పటికే ఒక కాల్ ఉంది. నా వంక చూసి, "చెప్పు, ముందుగాల ఏది తియ్యాలె?" అంది.

నేను పైదీపం చూపించాను. తీసింది. ఎవరో ఆఫీసరు, క్యాంటీనుకు చెప్పి నాలుగు టీలు పంపించమన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపు కిందదీపం ఆరిపోయింది. మళ్ళీ వెలుగుతుందేమోనని నేను చాలాసేపు చూశాను. వెలగలేదు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో మాకు తెలియలేదు.

"మీ నాయనమ్మ రోజూ యాదికొస్తది," అంది అక్క. "గానీ గిట్ల ఒక్కదాన్ని కూసోబెట్టినోళ్ళకు ఎన్నడన్న యాదికొస్తదో లేదో."

ఆ తర్వాత సొరుగులోంచి అర్జీల నకళ్ళు తీసింది. మనుషులు కావాలని అంతకుముందే రాసినవి. వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ రోజు ఇంకొకటి రాసింది. నేను ఎప్పుడు ఫోనెత్తానో, తను ఎప్పుడు పలికిందో, బండి ఎప్పుడొచ్చిందో నన్నడిగి అందులో చేర్చింది. తను పలకలేదన్న సంగతి కూడా దాచలేదు. వర్షాకాలం వెళ్ళిపోయాక ఒక్క మనిషిని ఇచ్చారు. మూడో కుర్చీ నేను పెళ్ళై వెళ్ళేదాకా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో అపార్టుమెంటులో ఉంటున్నాను. మొన్న ఒక ఉదయం కింది అంతస్తు పెద్దాయన లిఫ్టు దగ్గర కుప్పకూలాడు. నేను అత్యవసర నంబరుకు చేస్తే, లైన్లన్నీ బిజీగా ఉన్నాయని రికార్డు చేసిన గొంతు చెబుతూనే ఉంది. చివరికి ఒక అమ్మాయి పలికింది. ఆ అమ్మాయి మీద అరవడానికి ఆయన కొడుకు నా చేతిలోంచి ఫోను లాక్కోబోయాడు. నేను ఇవ్వలేదు. ఏమైందో, ఏ వీధో, ఏ మలుపో చెప్పాను. దగ్గరున్న బండి సుల్తాన్‌పూర్ వైపు పోయిందని, ఇంకోటి రావాలంటే టైం పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది.

"ఇవాళ ఎంతమంది ఉన్నారమ్మా డ్యూటీలో?" అని అడిగాను.

"తక్కువనే ఉన్నం మేడం. మీరు కార్ల తీస్కపోండి, లేట్ చెయ్యకున్రి," అంది.

కారులో తీసుకెళ్ళాం. పెద్దాయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. లేస్తాడంటున్నారు.

ఆ సాయంత్రం కూర్చుని అంబులెన్సు సర్వీసు పై అధికారులకు ఉత్తరం రాశాను. ఎప్పుడు చేశాం, ఎప్పుడు పలికారు, బండి ఎందుకు రాలేదు, అన్నీ. ఇలాంటివి ఇదివరకు కూడా రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఈ వయసులో ఎందుకమ్మా, ఎవరు చదువుతారని మా అమ్మాయి విసుక్కుంటుంది. నాకూ ఓపిక తగ్గింది. అయినా రాస్తాను. ఆ ఆలస్యం ఫోనెత్తిన అమ్మాయి తప్పు కాదని ప్రతి ఉత్తరంలోనూ విడిగా ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీస్తాను.