మా బావ సాగదీసిన కాంభోజి

మొన్న అమలాపురంలో మేం చదువుకున్న సంగీత కళాశాలకే నన్ను పరీక్షాధికారిగా పిలిచారు. ఒకమ్మాయి సన్నాయి పట్టుకుని వచ్చింది. మా రోజుల్లో సన్నాయి క్లాసులో ఆడపిల్ల అంటే వింతే. కాంభోజి ఆలాపన ఎత్తుకుంది. బాగుంది, నిజంగా బాగుంది. నేను కళ్ళు మూసుకుని కుదురుకునేలోగా ఆపేసింది. "అప్పుడే ఆపేసేవేంటమ్మా?" అన్నాను. "ఆలాపనకి ఆరు నిమిషాలే ఇచ్చేరండి, ఆయ్" అంది. అందులో మార్కులు తగ్గించాల్సిన తప్పేమీ లేదు. కానీ ఆ తరవాత వచ్చిన ఇద్దరు పిల్లలు ఏం వాయించారో నా చెవికెక్కలేదు. తప్పు నాది కాబట్టి వాళ్ళకీ మంచి మార్కులే వేశాను. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. వాళ్ళింట్లో సన్నాయి, మా ఇంట్లో డోలు. ఇద్దరం ముక్తేశ్వరం నుంచి ఒకే బస్సులో వచ్చి డిప్లొమాలో చేరాం. కాలేజీ అంటే భవంతి అనుకునేరు, ఆరు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో గాత్రం, పక్కన వీణ, వెనకవైపు నాట్యం నేర్చుకునే పిల్లల గజ్జెలు. మా సన్నాయి, డోలు క్లాసుని మాత్రం దొడ్లో రేకుల షెడ్డులోకి తోసేశారు. అయినా మేం మొదలెడితే లోపల వీణ మాస్టారు వీణ పక్కన పెట్టేసి, "వాళ్ళది అయ్యేక మనం చూసుకుందాం" అని పిల్లలకి జంతికలు పంచేవారు. బావ నోట్లో పెట్టుకుని ఊదే తన సన్నాయి పీకల్ని టీగ్లాసులో నీళ్ళు పోసి నానబెట్టి కిటికీలో ఉంచేవాడు. ఒకసారి గాత్రం క్లాసు అమ్మాయి దాహమేసి ఆ నీళ్ళు గటగటా తాగేసింది. విషయం తెలిశాక వారం రోజులు ఆ అమ్మాయి మా షెడ్డు వైపు చూడలేదు. బావ మాత్రం ఆ వారమంతా అటే చూశాడు.

మా క్లాసు నడిచేది హాజరు పట్టీ మీద కాదు, పంచాంగం మీద. మూఢం వస్తే అందరం బుద్ధిగా క్లాసులో ఉండేవాళ్ళం. వైశాఖం వస్తే పిల్లలూ ఉండరు, మాస్టారూ ఉండరు, అందరం పెళ్ళిళ్ళలోనే. మేళం వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళివారి దగ్గర తాంబూలం పుచ్చుకుంటే ఇక మాట తప్పకూడదు. జ్వరమొచ్చినా, వరదొచ్చినా ఆ పందిట్లో ఉండాల్సిందే. తలంబ్రాలయ్యేదాకా మేళం లేవకూడదు.

ఆఖరి సంవత్సరం పరీక్షకి ప్రిన్సిపాల్ గారు తేదీ వేశారు. ఆయన గాత్రం మనిషి, పెళ్ళిళ్ళ గొడవ ఆయనకేం తెలుసు? గోడ కాలెండరులో ఆదివారాలూ ప్రభుత్వ సెలవులూ చూసి, మిగిలిన వాటిలో ఒకదాని చుట్టూ సున్నా చుట్టారు. అది ఆ ఏటికే పెద్ద ముహూర్తం. కోనసీమలో ఆ రోజు పెళ్ళి లేని వీధి లేదు. పరీక్షాధికారి రాజమండ్రి నుంచి వస్తారు, తేదీ మార్చడం కుదరదన్నారు. ఆ పరీక్ష బావకి ఊరికే పరీక్ష కాదు. ఒక దేవస్థానంలో ఆస్థాన సన్నాయి ఉద్యోగం ఖాళీ అయింది, డిప్లొమా ఉంటేనే తీసుకుంటారు. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ పరీక్ష లేదు, ఉద్యోగం అప్పటిదాకా ఆగదు. పైగా సన్నాయి పరీక్షకి డోలు ఎవరు వాయిస్తారన్నది ఆ విద్యార్థే చూసుకోవాలి. డోలు లేకపోతే కీర్తన లేదు, కీర్తన లేకపోతే పాసు లేదు. బావకి డోలు నేనే.

అన్నీ తెలిసి నేను ఓడలరేవు పెళ్ళికి తాంబూలం పుచ్చుకున్నాను. ఎందుకంటే, అప్పటిదాకా నన్ను మా నాన్న పక్కన రెండో డోలుగానే పిలిచేవారు. ఆ పెళ్ళివారు మొదటిసారి నన్నే పెద్ద డోలుగా అడిగారు. ఆ మాటకి పొంగిపోయాను. ముహూర్తం పొద్దున్న ఏడింటికి, బావ వంతు పదకొండింటికి. హాయిగా వచ్చేయొచ్చు అనుకుని బావకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ముహూర్తానికి తాళి పడింది. తలంబ్రాలే తెమల్లేదు. పెళ్ళికూతురు దోసిలి దించితేగా! అటు వాళ్ళు గెలిచారని ఇటు వాళ్ళు ఒప్పుకోరు, ఇటు వాళ్ళు గెలిచారని అటు వాళ్ళు ఒప్పుకోరు. బియ్యం అయిపోతే మళ్ళీ తెప్పించారు. నేను కాలు కాలిన పిల్లిలా ఉన్నాను గానీ చేతులు ఆపడానికి లేదు. బయటపడేసరికి పది దాటింది, బస్సు వెళ్ళిపోయింది. చేపలు వేసుకుని అమలాపురం మార్కెట్టుకి వెళ్తున్న వ్యాను ఒకటి ఆగింది. డోలుని ఐసు పెట్టెల మధ్య కూర్చోబెట్టుకుని, వెంకన్నబాబుకి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే లెక్క లేదు.

కాలేజీ వీధి మలుపు తిరిగేసరికే సన్నాయి వినిపించింది. కాంభోజి. పదకొండున్నర దాటింది. గేటు దగ్గర అటెండరు ఎదురొచ్చాడు. "ఎక్కడికెళ్ళిపోయేరు బాబూ? మీ బావగారు ఇందాకట్నించీ ఆ రాగమే ఊదుతున్నారు. కీర్తన ఎత్తుకోవట్లేదు" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆలాపనకి తాళం ఉండదు, డోలు అక్కర్లేదు. అది సాగినంతసేపూ పరీక్ష అయిపోయినట్టు కాదు. బావ నాకోసం రాగాన్ని సాగదీస్తున్నాడు.

తీరా చూస్తే ఐసు చెమ్మకి డోలు చర్మాలు మెత్తబడి, కొడితే చాప మీద కొట్టినట్టుంది. ఎండలో పెట్టి, అటెండరు ఒకవైపు నేనొకవైపు వార్లు లాగి బిగించాం. లోపల బావ పైస్థాయికి వెళ్ళి, అక్కడ గొంతు చీరుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కిందినుంచి మొదలెట్టాడు. అలా ఎన్నిసార్లు మొదలెట్టాడో. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే వేళ్ళకి తొడుగులు పెట్టుకుని గదిలోకి వెళ్ళి బావ పక్కన కూర్చున్నాను. రాజమండ్రి పెద్దాయన గడియారం వైపు చూడలేదు. "మీ డోలాయన వచ్చేడుగా. ఇంక కీర్తన ఎత్తుకో నాయనా" అన్నారు మెల్లిగా.

అయ్యాక దొడ్లో నూతి దగ్గర బావ నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. పెదవి లోపల చిట్లిపోయింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. "పెళ్ళి ఒప్పుకున్నానని నీతో చెప్పలేదు బావా" అన్నాను. "తాంబూలం పుచ్చుకున్నాక ఎళ్ళకేం చేత్తావురా" అన్నాడు. ఇంకోసారి పుక్కిలించి, "డోలు మాత్రం చేపల కంపు కొడతంది" అన్నాడు. బావ పాసయ్యాడు. ఆ దేవస్థానంలోనే ముప్ఫై ఏళ్ళకి పైగా ఊదాడు. ఆ రోజు సంగతి నేను మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడు బావ సన్నాయి పట్టుకోడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగు మాటల వాక్యానికి రెండుసార్లు ఆగుతాడు. వాళ్ళబ్బాయి తొందరపడి మిగతా సగం తనే చెప్పేస్తాడు, చాలాసార్లు తప్పు చెప్తాడు. ఆదివారం నేను వెళ్ళినప్పుడు మాత్రం మధ్యలో ఎవర్నీ మాట అందుకోనివ్వను. బావ ఒక మాట మొదలెడతాడు, ఆగుతాడు, ఊపిరి కూడదీసుకుంటాడు. నేను కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంటాను. మాట పూర్తయ్యేదాకా కదలను. ఆ వయసులో మాకు దొరికిన కాలమంతా పరుగులకే సరిపోయింది. ఒకరికోసం ఒకరు ఆగి కూర్చునే కాలం ఇప్పటికి చేతికొచ్చింది, అదీ ఎంత మిగిలిందో తెలియదు.