నిడుబ్రోలు దగ్గర కునుకు

మా మాస్టారు పోయారని మొన్న పొద్దున్నే రేపల్లె నుంచి వాళ్లావిడ ఫోన్ చేశారు. కాఫీ తాగి, పేపరు చదువుతూ అలాగే ఒరిగిపోయారట. ఏడ్చాను. ఆ ఏడుపు వెనకే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, హమ్మయ్య అనిపించింది. ఆయనకు చెప్పిన అబద్ధాన్ని పోయిన నెలలోనే ఒప్పేసుకున్నాను. ఇంకో నెల నానబెట్టి ఉంటే నా గతేంటి?

బాపట్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆయన దగ్గర నా ప్రాజెక్టు డీఎన్ఏతో లెక్కలు చేయించడం. "దానికి లెక్కలొచ్చా సార్?" అని నవ్వితే, పేరాల నుంచి తెచ్చుకున్న నూలుపోగుల్ని అట్టకు అంటించి చూపించారు. గాజుపలక మీద అతికించిన ఒక్కో డీఎన్ఏ పోగు లెక్కకు ఒక్కో జవాబు, తప్పో ఒప్పో. లెక్కలోని షరతుకు సరిపోయే వాటికి జోడీ పోగు తగిలిస్తాం. ఆ పైన ఎంజైమ్ పోస్తే ఒంటిపోగుల్ని తినేస్తుంది, జంటల జోలికి పోదు. మిగిలిందే జవాబు. "తప్పుల్ని చెరిపేద్దామని తొందరపడకమ్మాయ్, ముందు ఒప్పుల్ని కాపాడుకో" అనేవారు.

ఎంజైమ్ హైదరాబాదు నుంచి తెనాలికి వచ్చేది. ఆయనే వెళ్లి, రేపల్లె బండి దిగిన చేపలవాళ్లని బతిమాలి ఐసు నింపించుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని ప్యాసింజర్లో తెచ్చేవారు. ల్యాబంతా నీచు వాసనే.

పరీక్ష ముందురోజు నేనో ఘనకార్యం చేశాను. జోడీలు తగిలించకుండానే ఎంజైమ్ పోసేశాను. తప్పులూ ఒప్పులూ అన్నీ ఊడ్చుకుపోయాయి. భయంతో పలక పారేసి, "ఎంజైమ్ పనిచెయ్యలేదు సార్, ఐసు కరిగిపోయినట్టుంది" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. మర్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చినాయనతో, "నిడుబ్రోలు దగ్గర కునుకు పట్టిందండి, డబ్బా మూత జారి ఉంటుంది. తప్పు నాదే. అమ్మాయికి ఇంకో వారం ఇవ్వండి" అన్నారు. ఇచ్చారు. పాసయ్యాను. ఆ తరవాత కూర్చుంటే నిద్రొస్తుందని ఆయన డబ్బా పట్టుకుని తెనాలి నుంచి బాపట్ల దాకా నిలబడే వచ్చేవారని జూనియర్లు చెప్పారు. అది విన్నాక నాకు అన్నం సహించలేదు. అయినా నోరు విప్పడానికి ఏడేళ్లు పట్టింది.

పోయిన నెల రేపల్లె వెళ్లి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"ఆగాగు. మొత్తం తినేసిందా?"

"మొత్తం సార్. ఒక్కటీ మిగల్లేదు."

"అయితే ఐసు భేషుగ్గా ఉందన్నమాట!" అని వంటింటి వైపు కేకేశారు. "ఏమేవ్, విన్నావా? ఆ రోజు తప్పు నాది కాదంట!" ఆ తరవాత నా వైపు తిరిగి, "ముందే చెప్పకూడదా అమ్మాయ్? నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి" అన్నారు. ఆయన నవ్వుతున్నారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఆటో ఎక్కి వెనక్కి చూశాను. ఆయన గోడ దగ్గర నిలబడి, ఎడమ అరచెయ్యి పలకలా చాపి, కుడిచేత్తో దాని మీద ఎంజైమ్ పోస్తూ, పక్కింటాయనకి మొదట్నుంచీ చెబుతున్నారు.