కడపటి రెండు పాదాలు

యుద్ధం రోజులు. బెంగళూరు పేటలో ఒక ఆడపిల్లల బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని. కాగితానికి కరువు కాబట్టి వ్యాసాలు కూడా పలకల మీదే రాయించేవాళ్లం. నేను చదివి ఇవ్వగానే పిల్లలు తుడిచేసేవారు. అందుకే ఆ రచనల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆవు మీద రాయమంటే అందరి ఆవుకూ నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు. ఆ వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండేది. "మీ వీధిలో ఆవే లేదా?" అని కసిరేదాన్ని. అలా కసిరిన మర్నాడు ఒక అమ్మాయి, తమ వీధి ఆవు పెళ్లిపందిట్లో దూరి పెళ్లికొడుకు విస్తరి లాక్కుపోయిందని రాసుకొచ్చింది. కడుపుబ్బా నవ్వాను. గాజుల అంగడి ఆయన కూతురు ఆ పిల్ల. సొంతంగా రాయమంటే అందరికంటే ముందుండేది. బట్టీ పట్టమంటే మాత్రం ఒక్క ముక్క తలకెక్కేది కాదు.

మా బడిలో చదువు ఆ ఏడుతో సరి. హైస్కూలుకు పంపించమని అడగడానికి నేనే అంగడికి వెళ్లాను. వాళ్ల నాయన ఒక పెద్దావిడకు గాజులు తొడుగుతున్నాడు. "చెయ్యి బిగబట్టద్దమ్మా, మెత్తగా వదులు" అని ఆమెకు చెప్పి, నా వైపు తిరిగాడు.

"నాకేం అడ్డి లేదమ్మా. ఇనస్పెక్టరు సారు వచ్చినప్పుడు మా పాప బాగా చెప్పినాదంటే పంపిస్తా. లేదంటే అంగట్లో కూర్చోనీ."

ఇనస్పెక్టరు పరీక్షించేది కంఠస్థం పద్యాలనే. ఆ పిల్లకు రానిది అదొక్కటే. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, చదువు గొప్పతనం మీద ఉన్న ఒక పద్యం వల్లె వేయించాను.

ఇనస్పెక్టరు వచ్చిన రోజు తల్లిదండ్రులను వెనక బల్లల మీద కూర్చోబెట్టారు. మా పిల్ల లేచి మొదటి రెండు పాదాలు గడగడా చెప్పేసింది. అక్కడ ఆగింది. పైకప్పు చూసింది, నన్ను చూసింది, వెనకనున్న నాయనను చూసింది. మళ్లీ అదే రాగంలో అందుకుంది:

గాజు చేతికెక్కు గట్టిగా నొత్తక
చదువు కూడ నట్లె సాగవలయు

ఇనస్పెక్టరు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకున్నారు. అన్నీ సరిపోయాయి, యతి కూడా కుదిరింది.

"ఇది పుస్తకంలో లేదే! ఎక్కడిదమ్మా?"

"కడపటి రెండు పాదాలు మర్చిపోతిని సార్. ఊరికే నిలబడేదానికి సిగ్గయ్యె. నేనే కట్టేస్తిని."

"ఇప్పుడే కట్టావా? ఏదీ, ఇంకొకటి కట్టు చూద్దాం."

"దానికి ఇంకొకటి మర్చిపోవల్ల కదా సార్!"

గది గొల్లుమంది. ఇనస్పెక్టరు కూడా మీసాల చాటున నవ్వారు. కాని ఆయన నియమాల మనిషి. "కవిత్వానికి నా దగ్గర మార్కులు లేవు. కంఠస్థానికి సున్న" అన్నారు.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం ఒక్కటేనా జ్ఞాపకం? పుట్టినప్పటి నుంచీ నాయన చేతుల్ని చూస్తూ పెరిగింది, అది జ్ఞాపకం కాదా? పుస్తకం చేయిచ్చిన చోట ఆ పిల్లను ఆదుకున్నది అదే. ఆ మాట ఆయన ముఖం మీదే అనబోయాను. అంతలో వెనక బల్ల మీది నుంచి వాళ్ల నాయన లేచి నిలబడ్డాడు.

"సున్న అంటే ఏమి సార్, మా పాపకు చదువు రాలేదనా?"

"కంఠస్థం రాలేదు."

"అట్లయితే చదువు ఇంకా ముగీలేదు కదా సార్. సగంలో ఎట్ల నిలిపేది? హైస్కూలుకు పంపాల్సిందే." కూతురి వైపు తిరిగాడు. "ఆ గాజుల మాట ఇంకోతూరి చెప్పు తల్లీ."

ఆ పిల్ల నోరు తెరిచింది, మూసింది. "మర్చిపోతిని నాయనా."

"చూస్తిరా సార్," అన్నాడాయన ముఖమంతా నవ్వుతో, "ఇంకా ఎంత చదవాల్నో!"