ఎండలో పెట్టిన రెక్క

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. తెలియని నంబరు. క్రెడిట్ కార్డు వాళ్లేమోనని విసుక్కుంటూ ఎత్తాను. "సార్, నేను గడ్డిఅన్నారం ఓనరు బిడ్డను. పాత ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చినం. సామాను సర్దుతుంటె మీ విమానం రెక్క ఎల్లింది. నాయిన పారెయ్యనిస్తలేడు, సారుకే ఇయ్యాలె అంటుండు" అందామె. నా చెవులు వేడెక్కాయి. అరవై దాటిన మనిషివి, అలా ఎర్రబడ్డావేమిటని మా ఆవిడ నవ్వింది. పాపం, అసలు సంగతి తనకీ తెలియదు. ఎవరికీ తెలియదనే ధీమాతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. పళ్ల మార్కెట్టు అక్కడే ఉండేది కాబట్టి వేసవి వచ్చిందంటే మా వీధి వీధంతా మగ్గిన మామిడిపళ్ల వాసనే. మేం పైవాటాలో కిరాయికి ఉండేవాళ్లం, ఓనరు కింద. అదంతా పల్లెటూరుగా ఉన్నప్పటి మనిషాయన. జొన్నచేలు ప్లాట్లయిపోయాక చేతులకు పని లేక పతంగులు కట్టడం మొదలెట్టాడట. ఆయన కట్టిన పతంగి కోసం మలక్‌పేట నుంచి కూడా వచ్చేవాళ్లు. మా ఆవిడ ఆయన్ని నోరారా "బాబాయిగారూ" అనేది. నేను మాత్రం "ఓనరు గారూ" అనే అనేవాణ్ని. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పే కృష్ణా జిల్లా మేధావిని కదా, అంత తొందరగా వరసలు కలిపితే మర్యాద తగ్గుతుందని నా భయం!

ఆ ఏడాది మా డైరెక్టరుకి ఒక బుద్ధి పుట్టింది. గాలి రెక్కను ఎలా లేపుతుందో బోర్డు మీద కాదు, మైదానంలో చూపించమన్నాడు. పిల్లలు, తల్లిదండ్రులు, అందరినీ పిలుస్తానన్నాడు. సరేనని తగుదునమ్మా అంటూ ఒప్పుకున్నాను. బొమ్మ విమానం చేద్దామని అబిడ్స్‌లో వెతికి బాల్సా కర్ర పలకలు తెచ్చాను. ఎంత తేలికంటే, చేతిలో ఉన్నా లేనట్టే. భోజనాల బల్ల మీద నక్షా పరిచి, గుండుసూదులతో పుల్లలు బిగించి, గడ్డం గీసుకునే బ్లేడుతో రెక్కకి పక్కటెముకలు కోశాను. మూడు వారాలు మా ఇంట్లో అందరం నేల మీదే తిన్నాం. గీకుడు పొడి పప్పులోనూ, పెరుగులోనూ. అంతా అయ్యాక రెక్క మీద పల్చటి కాగితం అతికించడం దగ్గర బొక్కబోర్లా పడ్డాను. మూడుసార్లు అతికించాను, మూడుసార్లూ ముసలమ్మ చర్మంలా ముడతలే.

శనివారం పొద్దున, కార్యక్రమం ఇంక ఒక్కరోజు ఉందనగా, ఓనరు పైకి వచ్చి చూశాడు. "గిట్ల గాదు సారూ. కాగితం బిర్రుగుండాలె" అన్నాడు. మా వైపు భోజనమయ్యాక కడుపు బిర్రుగా ఉంటుంది గానీ కాగితం కూడానా అని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. మైదాపిండి ఉడికించి లై చేయించాడు. పతంగి కాగితం తెచ్చి, అంచుల వెంట లై రాసి, రెండు బొటనవేళ్లతో నడుమ నుంచి చివరలకి నిమురుతూ పరిచాడు. తరవాత ఇస్త్రీ అతనిలా నోట్లో నీళ్లు పోసుకుని 'ఫూ' అని చిలకరించాడు. చదువుకున్నవాణ్ని కదా, నేను రెండడుగులు వెనక్కి జరిగాను. రెక్కను చెక్క మీద పెట్టి, నాలుగంచులా బరువులు పెట్టి, "రేపటి దాక తియ్యకు సారూ. ఎండల అసలే పెట్టకు. ఒక దిక్కు గుంజుకుంటది" అని చెప్పి, ఎవరిదో పెళ్లికని వెళ్లిపోయాడు.

నాకేమో దాని మీద లక్కర్ వార్నిష్ పూయాలి, అది ఆరాలి, అందరూ భేష్ అనాలి. రేపటిదాకా ఆగడమా! మధ్యాహ్నం రెండింటికి బరువులు తీసేసి, రెక్కను మిద్దె మీద, ఓనరమ్మ ఆరబోసిన మిరపకాయల పక్కన, మండుటెండలో పెట్టి వచ్చి నిద్రపోయాను. నాలుగింటికి వెళ్లి చూస్తే కాగితం తప్పెటలా మోగుతోంది. కుడి చివర మాత్రం కాస్త మెలిపడింది. చేత్తో నొక్కి సరిచేశాననుకుని, పైన లక్కర్ పూసేశాను. ఆ మెలిక అలాగే గట్టిపడింది.

మర్నాడు ఎల్.బి.నగర్ అవతల ఖాళీ ప్లాట్లలో జనం చేరారు. నేను పావుగంట ఉపన్యసించి విమానం వదిలాను. అది పది గజాలు పోయి, పక్కకు ఒరిగి, గిరికీలు కొట్టి, ముక్కుతో నేలను పొడిచింది. పిల్లలు ఒకటే ఈలలు. "ఏం మాస్టారూ, సూత్రం బోర్డు మీదేనా ఎగిరేది?" అన్నాడు డైరెక్టరు. అంతే, నా నోటి నుంచి మాట జారిపోయింది. "రెక్క మీద కాగితం నేను అతికించలేదండీ. మా ఇంటి ఓనరు అతికించాడు. పతంగులు కట్టుకునే మనిషి, ఆయనకేం తెలుస్తుంది ఇవన్నీ!"

వెనక్కి తిరిగితే నాలుగడుగుల దూరంలో ఆయనే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పక్కన తన ఈడు వాళ్లను ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సారు విమానానికి రెక్క తాను కట్టానని చెప్పి తీసుకొచ్చాడట. నాకు తల తీసేసినట్టయింది. ఆయనే ముందుకొచ్చి, అందరికీ వినబడేలా, "అవు, నాదే తప్పు. పతంగి లెక్క అతికిచ్చిన. సారుదేం లేదు" అన్నాడు. కింద పడ్డ విమానం నుంచి రెక్క ఊడదీసి, చంకన పెట్టుకుని, ఆ ముగ్గురితో వెళ్లిపోయాడు. ఆ ఏడు ఆయన పతంగులు కట్టలేదని తరవాత విన్నాను. రెండు నెలలకే నేను ఇల్లు మారిపోయాను. కోచింగ్ సెంటరుకి దగ్గరని చెప్పాను. నిజానికి ఇంకో మూడు కిలోమీటర్లు దూరం.

మొన్న ఆదివారం సాయంత్రమే ఎల్.బి.నగర్‌లో ఓనరు కూతురి ఫ్లాటుకి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, చూపు ఆనడం లేదట. ఒళ్లో రెక్క. పాత కాగితం తీసేసి, కొత్తది వేసి, రెండు చెక్కల మధ్య బరువు కింద పెట్టి ఉంచాడట ఇన్నాళ్లూ. మెలిక లేదు. "సూడు సారూ, బిర్రుగుందా?" అన్నాడు. గీత గీసినట్టుంది. "బిర్రుగా ఉంది బాబాయిగారూ" అన్నాను. ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు. అని, ఇంక ఆగలేక, "ఆ రోజు దీన్ని ఎండలో పెట్టింది నేనే" అన్నాను.

"ఎరుకే" అన్నాడాయన తాపీగా. "పెండ్లి కాంచి జల్ది ఒచ్చిన. మిరపకాయలు ఎత్తనీకి మిద్దె మీదికి పోతె కనబడ్డది."

"మరి తీసి లోపల పెట్టలేదేం?"

"సదువుకున్నోనివి. ఏదో లెక్క ఉంటది అనుకున్న."

నేను ఆ రెక్క మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఆయన కూతురు టీ తెచ్చి పెట్టి, ఏం అడగకుండా లోపలికి వెళ్లింది. లై ఆరేదాకా ఒక్కరోజు ఆగలేకపోయిన వాణ్ని, ఈ ఒక్క మాట చెప్పడానికి ఇరవై ఏళ్లు ఎలా ఆగగలిగానో!