మర్యంని అరబ్బు అనకూడదట

శనివారం ఉదయం తొమ్మిదింటికి, పులిహోర డబ్బాతో, జర్మనీలో మేముండే కార్ల్స్‌రూహెలో రైలెక్కాను. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మా అక్క కూతురు శ్రావణి పిలిచింది. హాజరు కమ్మంది అనడం సరి. వీడియో కాల్‌లో దాని ఫ్లాట్‌మేట్ మర్యంని నేను అరబ్బు పిల్ల అన్నానట. ఆమెది ఇరాన్. విని, ఆ రోజు నుంచి శ్రావణితో మాట్లాడటం మానేసిందట. ఆమె ఖాళీ చేస్తే మీటె, అదే ఇంటద్దె, శ్రావణి ఒక్కతే కట్టలేదు. కాబట్టి నేనొచ్చి క్షమాపణ చెప్పాలి.

మన్‌హైమ్‌లో రైలు మారాలి. మొదటి రైలు ఆలస్యం, రెండోది అంతకంటే ఆలస్యం, అందుకే అందింది. మీరు వెళ్తే భయపడకండి, డబ్బా మూత మాత్రం బిగించుకోండి.

రెండో రైల్లో ఎదుటి సీట్లో వరంగల్ ఇంజనీరు. మాది హోసూరు అన్నాను.

"అయితే మీరు తమిళోళ్ళా ఆంటీ? తెలుగు మంచిగ మాట్లాడుతున్రు."

ఆంటీ అన్నందుకు వదిలేశాను గానీ, తమిళోళ్ళా అన్నందుకు వదల్లేదు. ఊరు తమిళనాడులో ఉంటే మేం తమిళులమైపోతామా? తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. రేషన్ కార్డు తమిళంలో, తిట్లు తెలుగులో. కైజర్స్‌లౌటెర్న్ దాకా చెప్పాను. ఆయన అక్కడ దిగిపోయాడు. ఆయన స్టేషన్ అదేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

జార్‌బ్రూకెన్ స్టేషన్ నుంచి ఫ్లాట్ దాకా శ్రావణి పాఠం చెప్పింది. ఇరాక్‌ది అరబిక్, పక్కనే ఉన్న ఇరాన్‌ది పర్షియన్, లిపి చూసి మోసపోకూడదు.

"చిన్నమ్మా, అరబ్బు అనే మాటే నీ నోట రాకూడదు."

మర్యం టీ ఇచ్చింది. నేను ఇంగ్లీషులో పాఠం అప్పజెప్పాను. ఇరాన్ అరబ్ దేశం కాదు, మీరు అరబ్బులు కారు, తెలియక అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "నేను అరబ్బునే. మాది అహ్వాజ్, ఇరాన్‌లోనే. ఇంట్లో మాట్లాడేది అరబిక్."

ఏడాదిగా ఒకే వంటింట్లో ఉంటున్న శ్రావణి మొహం చూడాలి. మరి చిన్నమ్మ మీద కోపమెందుకని అడిగింది.

"ఆవిడ సరిగ్గానే అంది. నువ్వే ఆ కాల్‌లో, 'నో నో, అరబ్ కాదు' అన్నావు, అదేదో రోగమైనట్టు."

ఇరాన్‌లో తమను అరబ్బులంటారట, అరబ్బులేమో ఇరానీలంటారట. నాకు ఇంకేం వివరించక్కర్లేకపోయింది. హోసూరు కథ ఎత్తుకున్నాను. ఇద్దరం ఒకరి మాట ఒకరు లాక్కుంటూ తిట్టుకున్నాం, మమ్మల్ని కాదు, అడిగేవాళ్ళని. ఈలోగా శ్రావణి క్షమాపణ చెప్పి పులిహోర వడ్డించింది. మర్యం రెండోసారి పెట్టించుకుంది. ఖాళీ చేసే ఊసు రాలేదు.

సాయంత్రం తిరుగు రైల్లో పక్కన ఒక పెద్దావిడ. నేను ఇండియనా అని అడిగింది. ఈసారి ముందు నేనే అడుగుదామని, మీరు జర్మనేనా అన్నాను.

ఆవిడ నిటారుగా కూర్చుంది. దేశం జర్మనీయే గానీ తాము జార్‌బ్రూకెన్ ఉన్న జార్‌లాండ్ రాష్ట్రం వాళ్ళమని చెప్పింది. అది వేరట, మొదటి నుంచి చెప్పాలట.

కైజర్స్‌లౌటెర్న్ వచ్చింది. వరంగల్ ఆయన గుర్తొచ్చాడు. నేను మాత్రం దిగలేదు.