రాజు పద్యం ఉన్న టేపు

టీవీ కేంద్రానికి ఒక మాస్టర్ టేపు అప్పజెప్పడమంటే ఎంత తలనొప్పో పడినవాడికే తెలుసు. టేపు మొదట్లో రంగుపట్టీలుండాలి. వాటితో పాటు కూ అని ఒకటే మోత వినిపించాలి. తర్వాత కాసేపు నల్లతెర, ఆ తర్వాతే అసలు కార్యక్రమం. డబ్బా మీద ఒక చీటీ, టేపు మీద ఇంకో చీటీ, రెండూ టైపు కొట్టినవే అయ్యుండాలి. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, వాళ్లకు అభ్యంతరం లేదన్న సంతకాలు, అన్నిటికీ నకళ్లు. ఎక్కడ తేడా వచ్చినా గుమ్మంలోంచే తిప్పి పంపేవారు. మదనపల్లెలో పెళ్లి వీడియోలు తీసుకుని బతికేవాడివి, నీకెందుకొచ్చిన బాధ అని మా ఆవిడ రోజూ దెప్పేది. ఆమె మాటలో తప్పేమీ లేదు.

తొంభైల చివర్లో వీధినాటకం మీద ఒక చిన్న కార్యక్రమం తీసే పని నాకు దక్కింది. పుంగనూరులో ఒక పెద్దాయన ఉండేవాడు. రాజు వేషం కట్టాడంటే బి.కొత్తకోట నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. కుప్పం దగ్గర, శాంతిపురం దారిలో ఒక ఊళ్లో ఆయన చేత ఆట ఆడించి కెమెరాకెక్కించాను. ఓడిపోయిన రాజు ఒంటరిగా నిలబడి ఒక పద్యం పాడతాడు. ఆ రాగం తీస్తుంటే, కింద కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. గొంతులో కాస్త జీర వినబడింది. వేషగాళ్లకు అది మామూలే అని ఆయన అన్నాడు, నేనూ సరేననుకున్నాను.

ఎడిటింగు ముగించి మాస్టర్ తయారు చేశాక తెలిసింది, అది కాన్సరని. వేలూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. మనిషి దక్కాడు గానీ మాట పోయింది. ఇక ఆయన గొంతు మిగిలింది నా మాస్టర్ టేపులో మాత్రమే. కెమెరాతో తీసిన టేపులు ఏమయ్యాయంటారా? టీవీవాళ్లు అడిగే పెద్దరకం బీటా టేపులు మాలాంటి చిన్నవాళ్లకు అపురూపం. ఎడిటింగు కాగానే వాటి మీదే ఇంకోటి తీసేవాళ్లం. ఆయన ఆట ఉన్న టేపుల మీద అప్పటికే కుప్పంలో ఎవరిదో పెళ్లి ఎక్కేసింది.

మాస్టర్ పంపేముందు ఆయన సంతకం కావాలి. సరిగ్గా అప్పుడే ఇంకో పని కోసం బెంగుళూరు నుంచి ఆ టేపులు ఆడించే బీటా మిషను బాడుగకు తెప్పించి ఉన్నాను. ఆయనకు కార్యక్రమం చూపించినట్టూ ఉంటుంది, ఇంట్లో చూసుకునే క్యాసెట్లోకి ఒక కాపీ తీసి ఇచ్చినట్టూ ఉంటుందని కబురు పెట్టాను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున బస్సుకే దిగారు. ఆమె చేతిసంచిలో పూలు, టెంకాయ, కర్పూరం, పసుపు కుంకుమ పొట్లాలు ఉన్నాయి.

"ఏందమ్మా, కొత్త బండి ఏమన్నా కొన్నామా?" అని ఆటపట్టించాను.

"బండికే సేస్తారు గదప్పా. ఈయప్ప గొంతుండే పెట్టికి సేయకూడదా?" అంది.

టేపు వేశాం. తెర మీద రాజు పద్యం ఎత్తుకున్నాడు. కుర్చీలో పెద్దాయన పెదాలు కదిలాయి. మెడ దగ్గర గుడ్డ లోపలికీ బయటికీ ఆడింది, ఉత్త గాలి చప్పుడు వచ్చింది. ఆమె తెర వైపు చూడనే లేదు, ఆ గుడ్డ వైపే చూస్తూ కూర్చుంది. పద్యం సగంలో కరెంటు పోయింది.

ఎంతసేపటికీ రాలేదు. మిషనుతో వచ్చిన బెంగుళూరు మనిషికి బస్సు టైమైపోతోంది. చివరికి లైటు వెలగగానే టేపు బయటికి లాగేశాడు. మొదటికి తిప్పి తీయవయ్యా అంటే, "మళ్లా పోతే లోపలే ఇరుక్కుంటాది సార్, నేను పోవల్ల" అన్నాడు. అతని భయమూ నిజమే. అలా కాపీ లేకుండానే, తిప్పకుండానే, ఆ పద్యం దగ్గర ఆగిన టేపు ఆగినట్టే బయటికొచ్చింది.

నేను పెద్దాయనతో కాగితాల ముందు కూర్చున్నాను. కార్యక్రమంలో వినబడే గొంతు నాదే అని ఒక వాక్యం ఉంది అందులో. ఆయన దాని కింద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుని, పెన్ను అడిగి సంతకం చేశాడు. వెనక కర్పూరం వాసన వచ్చింది. తిరిగి చూస్తే, ఆమె మూలన పీట వేసి టేపుకు పూజ చేస్తోంది.

"వేడి తగిలితే పాడైపోతుందమ్మా!" అని అరిచాను.

"దూరంగానే ఎలిగించినానప్పా, కసురుకోవద్దు."

చీటీ మీద పడిన కుంకుమ తుడిచేశాను, చీటీ శుభ్రంగా లేకపోతే టీవీవాళ్లు ఒప్పుకోరు కాబట్టి. టేపును డబ్బాలో పెట్టి మూశాను.

హైదరాబాదులో ఇంజనీరు ముందుగా టేపును మొదటికి తిప్పి పరీక్షకు వేశాడు. రంగుపట్టీలు బాగున్నాయి, మోత బాగుంది, ఆటా బాగానే నడిచింది. రాజు పద్యం మొదలయ్యేసరికి బొమ్మ చీలికలైంది, గొంతు తెగిపోయింది, గరగరమని శబ్దం. ఆయన మిషను ఆపి టేపు తీసి, ముందువైపున్న చిన్న మూత ఎత్తి వేలితో తడిమాడు. వేలికి ఎర్రగా అంటింది. ఆ రోజు కరెంటు పోయి టేపు ఆగిన చోటు, మూత కింద ఉండిపోయిన చోటు అదే.

"ఎవరండీ లోపల బొట్టు పెట్టింది?"

ఆయన మంచివాడు, తిట్టాల్సినంత తిట్టి కూడా సాయంత్రం దాకా కూర్చుని టేపును తుడిచాడు. పొడి గీసుకుపోయిన చోట ఇక ఏమీ మిగల్లేదు. ఆ పద్యం తీసేస్తేనే కార్యక్రమం వేస్తామన్నారు. సరేనన్నాను. పద్యం లేకుండా కాపీ తీసుకుని ఆ టేపు నాకే తిరిగిచ్చారు. రైలెక్కినప్పటి నుంచీ పెద్దాయన భార్యను కడిగేయాలని పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. మదనపల్లె బస్టాండులో దిగేసరికి ఆ కోపం పోయి దిగులు పట్టుకుంది.

కార్యక్రమం వచ్చే రోజు ఆ టేపు తీసుకుని పుంగనూరు వెళ్లాను. ఇంటినిండా వీధి జనం. రాజు వచ్చాడు, మీసం దువ్వాడు, గంతులేశాడు. పద్యం రాకుండానే పేర్లు పడ్డాయి.

"పద్యం యాడప్పా?" అంది ఆమె.

"టైము చాల్లేదని టీవీవాళ్లు కోసేసినారమ్మా."

"వాళ్ల సేతులు ఇరగ! పోనీలే, టేపులో ఉండాది గదా," అని జనానికి కాఫీలు పెట్టడానికి లోపలికి పోయింది.

పెద్దాయన చెయ్యి చాపితే టేపు ఇచ్చాను. ఇంజనీరు తీసినట్టే మూత ఎత్తాడు. ఎంత తుడిచినా అంచున ఎర్రటి చార ఉండిపోయింది. దాన్ని చూశాడు. వంటింటి వైపు చూశాడు. మూత మూసేసి, నా కళ్లలోకి చూస్తూ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయాను.

మరుసటి ఏడు ఆయన పోయాడు. చాలా ఏళ్ల తర్వాత, పెళ్లిళ్లన్నీ సీడీల్లోకి మారిపోయాక, పుంగనూరులో పనిబడి వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఫొటో పక్కనే, దేవుడి గూట్లో ఆ టేపు ఉంది.

"దీన్ని ఇంగొక్కసారి యాడన్నా ఏసి వినిపిస్తావా అప్పా?" అని అడిగింది.

"ఆ మిషన్లు ఇప్పుడు దొరకడం లేదమ్మా."

"దొరికినప్పుడే ఇందాంలే. నేను బద్రంగా సూసుకుంటాండాను. ఆ పొద్దు నువ్వు పైన తుడిసేసినావు గానీ, నేను మూత తీసి లోపల గూడా పెట్టినానప్పా. గొంతుండేది ఆడ గదా."

ఆయన పోయినప్పటి నుంచీ ఆమె నుదుట బొట్టు లేదు. గూట్లోంచి టేపు తీసి, మూత ఎత్తి, వేలితో కుంకుమ అద్ది, మళ్లీ మూసి పెట్టింది.

"బాగా పెట్టినావమ్మా," అన్నాను.